ఇంట్లో గేర్ సైకిలు తొక్కుతుంటే టీవీలో రోడ్డు కదలాలి – ఈఎస్‌పీ32తో సొంతంగా చేసుకోవచ్చా?

కాల్వకట్ట_సైకిల్ (మిర్యాలగూడ):

అందరికీ నమస్తే. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తాను. పొద్దున్నే సాగర్ ఎడమ కాల్వ కట్ట మీద సైకిలు తొక్కడం అలవాటు. వడ్ల సీజన్ వచ్చిందంటే ఆ అలవాటు కాస్తా పోతుంది. మిల్లుల ముందు ట్రాక్టర్లు, లారీలు బారులు తీరి ఉంటాయి. మిగిలిన సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. దుమ్ము సంగతి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. యాసంగి కోతలప్పుడు ఎండ కూడా తోడవుతుంది. ఆ నెలల్లో ఇంట్లోనే తొక్కే ఏర్పాటు ఒకటి చేసుకుందామని ఆలోచన.

సైకిలును బిగించి ఇంట్లోనే తొక్కే, స్క్రీన్ మీది రోడ్డును బట్టి తానే లోడు మార్చుకునే రెడీమేడ్ స్మార్ట్ ట్రైనర్ల ధరలు చూశాను. "ఆ డబ్బుతో సెకండ్ హ్యాండ్ స్కూటీ వస్తుంది కదా" అంది మా ఆవిడ. నా దగ్గర జవాబు లేదు.

ఇంట్లో ఉన్న సామాను ఇది. మా నాన్న పాత 28 అంగుళాల సైకిలు: ఇనుప రిమ్ములు, రాడ్ బ్రేకులు, వెనక చక్రానికి డైనమో. నాది 26 అంగుళాల గేర్ సైకిలు: అల్యూమినియం రిమ్ములు, వీ బ్రేకులు (రిమ్మును రెండు వైపుల నుంచి రెండు చేతులతో నొక్కేవి), గుబ్బల టైర్లు. మా మేనల్లుడి డిప్లొమా ప్రాజెక్టులో మిగిలిన ఆర్డుయినో ఊనో (ప్రోగ్రాం రాసి సెన్సర్లు, మోటార్లు నడిపించే చిన్న బోర్డు), హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూల్ ఉన్నాయి. అలాంటిదే ఒక ఈఎస్‌పీ32 బోర్డు కొత్తగా తెప్పించాను. పాత ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి కలుపుతాను.

కోరిక పెద్దదేం కాదు. మా బామ్మర్ది కారులో శ్రీశైలం వెళ్తూ మన్ననూరు నుంచి దోమలపెంట దాకా ఫోనుతో వీడియో తీశాడు. నేను తొక్కితే ఆ రోడ్డు కదలాలి, ఆపితే ఆగాలి. ఎక్కుడు వస్తే కాలికి బరువు తెలియాలి.

నా సందేహాలు: రెండు సైకిళ్లలో ఏది పెట్టాలి? డైనమో వైర్లు నేరుగా ఈఎస్‌పీ32 పిన్నుకు ఇస్తే వేగం తెలుస్తుందా? బోరు కేసింగ్ పైపు ముక్కతో రోలరు చేయిస్తే నడుస్తుందా? ఆన్‌లైన్‌లో నలుగురితో కలిసి తొక్కే యాప్‌లు దీన్ని ఒప్పుకుంటాయా? వైరింగ్, కాంటాక్టర్లు, మోటార్లు నాకు అలవాటే. కోడింగ్ మాత్రం మేనల్లుడి దయ.

నీలగిరి_పెడల్ (నల్గొండ):

అన్నా, మధ్యే మార్గం ఒకటి ఉంది. స్మార్ట్ కాని మామూలు మాగ్నెటిక్ ట్రైనర్ స్టాండు చాలా తక్కువకే వస్తుంది. వెనక చక్రం దాని రోలరు మీద ఆనుతుంది, హ్యాండిల్‌కు బిగించే లివరుతో లోడు మారుతుంది. దానికి ఒక స్పీడ్ సెన్సర్ తగిలిస్తే సగం పని అయిపోయినట్టే. ఇంట్లో తొక్కేవాళ్లను ఆన్‌లైన్‌లో కలిపే జ్విఫ్ట్ లాంటి యాప్‌లో మీ స్టాండు మోడల్ పేరు ఉంటే, చక్రం వేగాన్ని బట్టి అదే మీ శక్తిని అంచనా వేసుకుంటుంది.

ఆ గుబ్బల టైరుతో మాత్రం రోలరు ఎక్కకండి. ఇల్లంతా మోగుతుంది, కింది పోర్షన్ వాళ్లు పైకొస్తారు. నున్న టైరు వేయించండి. సొంతంగా చేయాలన్న సరదా ఉంటే అది వేరే లెక్క.

పాలమూరు_సర్క్యూట్ (మహబూబ్‌నగర్):

సరదా ఉంది కాబట్టే కదా ఇక్కడ అడిగింది! నేను టీవీ, ఇన్వర్టర్ల రిపేర్ షాపు నడుపుతాను. ఇలాంటిదే ఒకటి షాపు వెనక గదిలో రెండేళ్లుగా నడుస్తోంది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా ముందు బోర్డు గురించి, బ్లూటూత్ గురించి అడుగుతారు. తొక్కేవాడి కాలికి తెలిసేది లోడు ఒక్కటే. అది కుదరకపోతే టీవీలో ఎంత అందమైన ఘాట్ రోడ్డు వేసినా నెల తిరిగేసరికి ఆ సైకిలు మీద బట్టలు ఆరేస్తారు. కాబట్టి పని చక్రం దగ్గర మొదలుపెట్టండి, స్క్రీన్ చివర చూసుకోవచ్చు.

గేర్ సైకిలే పెట్టండి, కారణం రిమ్ము. పాత కరెంటు మీటర్లో ఒక అల్యూమినియం పళ్లెం తిరిగేది, మీరు చూసే ఉంటారు. దాని అంచున ఒక మాగ్నెట్ ఉంటుంది. అల్యూమినియం మాగ్నెట్ ముందు నుంచి కదిలితే దానిలో ఎడ్డీ కరెంట్లు పుట్టి ఆ కదలికనే అడ్డుకుంటాయి. ఎక్కడా రాపిడి ఉండదు, చప్పుడు ఉండదు. మీ రిమ్మే ఆ పళ్లెం అనుకోండి. నాన్నగారి సైకిలుది ఇనుప రిమ్ము కాబట్టి మాగ్నెట్ దాన్ని అతుక్కుపోవాలని చూస్తుంది, బ్రాకెట్ వంగుతుంది. దాన్ని కదపకండి, అలాగే ఉంచండి.

కేసింగ్ పైపు రోలరు అక్కర్లేదు. వెనక ఇరుసును రెండు వైపులా పట్టుకునే స్టాండు వెల్డింగు షాపులో చేయించి, చక్రాన్ని నేల నుంచి రెండంగుళాలు పైకి లేపండి. టైరు దేనికీ తగలదు కాబట్టి గుబ్బలున్నా గొడవ లేదు. స్టాండు కాళ్లు మాత్రం బాగా వెడల్పుగా ఉండాలి. సీటు మీంచి లేచి తొక్కినప్పుడు పక్కకు ఒరిగితే పడేది సిమెంటు గచ్చు మీదే.

ఇక మాగ్నెట్లు. కంప్యూటర్ రిపేర్ షాపుల్లో చచ్చిపోయిన 3.5 అంగుళాల హార్డ్ డిస్కులు కుప్పలుగా ఉంటాయి. విప్పితే లోపల ఇనుప రేకుకు అంటించిన నియోడిమియం మాగ్నెట్లు దొరుకుతాయి. రేకు నుంచి ఊడదీయొద్దు, మాగ్నెట్‌కు బెజ్జం వేయొద్దు, పెళుసుగా విరిగిపోతుంది. రేకుకు ఎలాగూ బెజ్జాలుంటాయి. రెండు మాగ్నెట్ల మధ్య వేలు పెట్టకండి, నల్లగా కమిలిపోతుంది. ఇంట్లో ఎవరికైనా పేస్‌మేకర్ ఉంటే ఈ పనే వద్దు.

వీ బ్రేకు చేతుల నుంచి రబ్బరు ముక్కలు తీసేసి వాటి చోట ఈ రేకులు బిగించండి. ఒక వైపు ఉత్తర ధ్రువం ఉన్నచోట అవతలి వైపు దక్షిణ ధ్రువం రావాలి, అప్పుడే క్షేత్రం రిమ్ములోంచి దూరి పోతుంది. అలా పెడితే రెండూ ఒకదాన్నొకటి లాగుతాయి, అందుకని రిమ్ముకు తగలకుండా ఒక స్టాపర్ బోల్టు తప్పనిసరి. బ్రేకు కేబుల్ లాగితే మాగ్నెట్లు దగ్గరకొచ్చి లోడు పెరుగుతుంది, వదిలితే స్ప్రింగు వెనక్కి తీసుకెళ్తుంది. కేబుల్ లాగడానికి ఎంజీ996ఆర్ లాంటి మెటల్ గేర్ల సర్వో (బోర్డు చెప్పినంత కోణానికి తిరిగే చిన్న మోటారు) పెట్టండి. చిన్న నీలం రంగు ఎస్‌జీ90 ఈ పనికి చాలదు.

బిగించే ముందు చక్రానికి బెండు తీయించండి. రెండు మూడు మిల్లీమీటర్ల సందులోనే మాగ్నెట్ బలమంతా ఉంటుంది. రిమ్ము అటూ ఇటూ ఆడుతుంటే అంత దగ్గరికి తేలేరు. ఒక జత మాగ్నెట్లతో ఘాట్ రోడ్డు బరువు రాదు, రేకు పొడిగించి రెండో జత కూడా పెట్టాల్సి రావచ్చు. మీరు ఖర్చు పెట్టే శక్తంతా రిమ్ములో వేడిగా మారుతుంది కాబట్టి తొక్కి దిగాక రిమ్ము కాస్త వెచ్చగా ఉంటే కంగారు పడకండి.

ఇందులో ఒక లోటు ఉంది. రోడ్డు మీద మీ బరువు, సైకిలు బరువు కలిసి ముందుకు తోస్తాయి. ఇక్కడ తిరిగేది వట్టి చక్రం, మహా అయితే రెండు కిలోలు. పెడలు ఆపగానే అదీ ఆగిపోతుంది, తొక్కుడు కుదుపులుగా ఉంటుంది. పెద్ద గేరులో తొక్కితే చక్రం వేగం పెరిగి ఈ కుదుపు చాలా తగ్గుతుంది. ట్రాక్టర్ టైరులో నింపినట్టు ట్యూబులో నీళ్లు నింపమని ఒకాయన నాకు సలహా ఇచ్చాడు. సగం నిండిన ట్యూబులో నీళ్లన్నీ అడుగుకు చేరతాయి, చక్రం కదిలినప్పుడల్లా ఎగిరిపడుతుంది. నేను ఆ జోలికి పోలేదు.

డైనమో వైర్లు పిన్నుకు ఇవ్వకండి. అది ఏసీ. 6 వోల్టులని రాసి ఉన్నా అది బల్బు వెలుగుతున్నప్పటి మాట. బల్బు లేకపోతే వేగంతో పాటు వోల్టేజీ ఇంకా పైకి పోతుంది. ఈఎస్‌పీ32 పిన్ను 3.3 వోల్టులది, పోతే ఇక అంతే. మధ్యలో పీసీ817 ఆప్టోకప్లర్ (రెండు వైపులనూ విడిగా ఉంచి వెలుతురుతో సిగ్నల్ దాటించే చిప్పు) పెట్టి చేయొచ్చు గానీ ఇంత తిప్పలెందుకు? ఏ3144 హాల్ సెన్సర్ (మాగ్నెట్ దగ్గరకొస్తే పల్సు ఇచ్చేది) ఒకటి, స్పోకుకు బిగించే చిన్న మాగ్నెట్ ఒకటి చాలు. కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, ఆన్‌లైన్‌లోనూ వస్తాయి.

ఏ3144కు కనీసం 4.5 వోల్టులు కావాలి కాబట్టి సప్లయి 5 వోల్టుల నుంచి ఇవ్వండి. దాని ఔట్‌పుట్ ఓపెన్ కలెక్టర్, అంటే లైనును గ్రౌండుకు లాగగలదు గానీ తనంతట పైకి ఎత్తలేదు, అందుకని లైనును పైకి ఎత్తే పుల్-అప్ రెసిస్టర్‌ను (10 కిలో ఓమ్స్) 3.3 వోల్టులకు కలిపితే బోర్డుకు ప్రమాదం ఉండదు. 34 నుంచి 39 వరకు ఉన్న పిన్నుల్లో లోపలి పుల్-అప్ ఉండదని గుర్తుంచుకోండి. స్పోకు మాగ్నెట్ దక్షిణ ధ్రువం సెన్సర్ మీద అక్షరాలున్న ముఖం వైపు రావాలి. తిరగేస్తే ఎంత తిప్పినా పల్సు రాదు, సెన్సర్ పాడైందని అనుకుంటాం.

సెన్సర్ ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి. పైన లోడు మాగ్నెట్లు ఉన్నాయి. వాటి దగ్గర పెడితే హాల్ సెన్సర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండిపోతుంది. కింద, హబ్బుకు దగ్గరగా, చైను పక్కనున్న గొట్టానికి జిప్ టైతో కట్టండి. స్పోకు మాగ్నెట్ కూడా హబ్బు దగ్గరే ఉంటే పై మాగ్నెట్లు దాన్ని లాగవు.

బ్లింక్_ఎల్‌ఈడీ (నల్గొండ, బీటెక్ థర్డ్ ఇయర్):

పాలమూరు అన్న చెప్పాక చక్రం గురించి నేను చెప్పేదేం లేదు. బోర్డు సంగతి చెప్తాను.

హెచ్‌సీ-05 పక్కన పెట్టేయండి సార్. అది పాత క్లాసిక్ బ్లూటూత్. సైకిలు యాప్‌లు, బ్రౌజర్ వెతికేది బ్లూటూత్ లో-ఎనర్జీ (తక్కువ కరెంటుతో నడిచే కొత్త రకం బ్లూటూత్) కోసం. ఊనోలో బ్లూటూతే లేదు. ఈఎస్‌పీ32లో ఉంది, కానీ బోర్డు మీద ఎస్2 అని రాసి ఉంటే అందులో లేదు, ఒకసారి చూసుకోండి. ల్యాప్‌టాప్ మరీ పాతదైతే అందులో బ్లూటూత్ 4.0 గానీ ఆ పైది గానీ ఉందో లేదో చూడండి. లేకపోతే యూఎస్‌బీ డాంగిల్ పెట్టుకోవచ్చు.

సొంత ఫార్మాట్ కనిపెట్టొద్దని మీ మేనల్లుడికి చెప్పండి. సైక్లింగ్ స్పీడ్ అండ్ కేడెన్స్ అని ఒక స్టాండర్డ్ సర్వీస్ (చక్రం, పెడలు వివరాలు పంపడానికి బ్లూటూత్‌లో అందరూ వాడే పద్ధతి) ఉంది, నంబరు హెక్సులో 1816. అందులో వేగం పంపరు. చక్రం మొత్తం ఎన్ని చుట్లు తిరిగింది, చివరి చుట్టు ఏ సమయానికి పూర్తయింది, ఈ రెండే పంపుతారు. సమయం సెకనులో 1024వ వంతుల్లో ఉంటుంది, మిల్లీసెకన్లు నేరుగా పెడితే వేగం తేడా వస్తుంది. ఆ లెక్క 16 బిట్లది, 65,535 దాకానే ఎక్కుతుంది కాబట్టి ప్రతి 64 సెకన్లకు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. తీసివేత కూడా 16 బిట్లలోనే చేస్తే ఇబ్బంది లేదు. చేయకపోతే నిమిషానికోసారి స్పీడు పిచ్చి అంకె చూపిస్తుంది.

చక్రం చుట్టుకొలత మీరే కొలవండి. టైరు మీద, నేల మీద సుద్దముక్కతో గీత పెట్టి, సైకిలు మీద మనిషి కూర్చుని ఉండగా ఒక చుట్టు నడిపించి టేపుతో కొలిస్తే చాలు. 26 అంగుళాల టైరుకు 2.05 మీటర్ల దగ్గర్లో వస్తుంది. అంటే గంటకు 20 కి.మీ. వేగంలో పల్సుకు పల్సుకు మధ్య సుమారు 370 మిల్లీసెకన్లు. 80 మిల్లీసెకన్ల లోపు ఇంకో పల్సు వస్తే అది 90 కి.మీ. పైన వేగం, మీరు అంత తొక్కరు కాబట్టి దాన్ని వదిలేయమని రాయండి. రెండు సెకన్లు పల్సే రాకపోతే ఆగినట్టు లెక్క.

వీడియోకు యాప్ అక్కర్లేదు. క్రోమ్ బ్రౌజర్‌లో వెబ్ బ్లూటూత్ ఉంది, ఒక హెచ్‌టీఎంఎల్ పేజీయే నేరుగా ఈఎస్‌పీ32తో మాట్లాడుతుంది. పేజీని హెచ్‌టీటీపీఎస్ మీద గానీ లోకల్‌హోస్ట్ (అదే ల్యాప్‌టాప్) నుంచి గానీ తెరవాలి, కనెక్ట్ అనే బటన్ నొక్కాలి, అంతే. కారు 30లో వెళ్తూ తీసిన వీడియో అనుకోండి. మీరు 20లో తొక్కుతుంటే ప్లేబ్యాక్ రేటు 20 బై 30, అంటే 0.67. క్రోమ్ 0.0625 కన్నా తక్కువ రేటు ఒప్పుకోదు, వేగం అక్కడికి పడిపోతే వీడియోను పాజ్ చేయించండి. సౌండ్ మ్యూట్ చేసుకోండి, లేకపోతే మీ బామ్మర్ది మాటలు సాగదీసినట్టు వినిపిస్తాయి.

వాలు కోసం ఫోనులో జీపీఎస్ ట్రాక్ రికార్డ్ చేసుకుంటే సరిపోతుంది. అందులో ఎత్తు అంకెలు కొన్ని మీటర్లు అటూ ఇటూ ఎగురుతుంటాయి. పది మీటర్లకోసారి లెక్కేస్తే చదును రోడ్డు మీద కూడా కొండలు కనిపిస్తాయి. రెండు వందల మీటర్ల సగటు తీయండి. వంద మీటర్లకు ఐదు మీటర్లు లేస్తే 5 శాతం. ఆ అంకెను పేజీ బ్లూటూత్ ద్వారా వెనక్కి పంపితే బోర్డు సర్వోను తిప్పుతుంది.

ఒక చిక్కు ఉంది. నిజమైన ఎక్కుడులో మీరు నెమ్మదిస్తే బరువు తగ్గదు. మాగ్నెట్ లోడు మాత్రం చక్రం నెమ్మదిస్తే తగ్గిపోతుంది. కాబట్టి వేగం పడిపోయే కొద్దీ సర్వో ఇంకాస్త బిగించేలా కోడ్‌లో పెట్టాలి. నా ఉద్దేశంలో ఘాట్ అనిపించాలంటే వీడియో కన్నా ఈ రెండు లైన్లే ముఖ్యం.

నలుగురితో తొక్కే యాప్‌ల గురించి: మీ ఇంటి మాగ్నెట్ల లెక్క వాళ్లకు తెలియదు కాబట్టి వట్టి స్పీడ్ సెన్సర్‌తో సరైన శక్తి చూపించలేరు. ఫిట్‌నెస్ మెషీన్ సర్వీస్ అని ఇంకోటి ఉంది, నంబరు 1826. దాంట్లో యాప్ మీకు వాలును 0.01 శాతం మెట్లలో పంపగలదు, మీరు వాట్లు పంపాలి. మీరు పంపే వాట్లు అంచనాయే అవుతాయి. నిన్నటి మీతో పోల్చుకోవడానికి పనికొస్తాయి, పందేనికి పనికిరావు.

నల్లమల_రైడర్ (అచ్చంపేట):

వీడియో గురించి ఒక మాట. మన్ననూరు దగ్గర ఘాట్ ఎక్కాక అడవిలో చాలా దూరం పెద్ద ఎక్కుడు లేదు. దోమలపెంట దాటాక డ్యామ్ దాకా దిగుడే. దిగుడులో మీకు తొక్కే పనేముంది? తిరుగు ప్రయాణంలో డ్యామ్ నుంచి దోమలపెంట వైపు ఎక్కేటప్పుడు తీయించండి, ఆ మలుపుల్లో తెలుస్తుంది అసలు సంగతి. కారు ఒకే వేగంలో పోవాలి. కోతులకు అరటిపండ్లు వేయడానికి ఆగితే వీడియోలో మీ సైకిలూ ఆగుతుంది.

మే నెలలో తొక్కేటట్టయితే కూలర్ పెట్టి తలుపులన్నీ మూయకండి. గదిలో తేమ పెరిగి చెమట ఆరదు. కిటికీ తెరిచి, ఎదురుగా పెద్ద ఫ్యాను పెట్టండి. హ్యాండిల్ మీద తువ్వాలు వేసుకోండి, బోర్డును డబ్బాలో పెట్టండి. చెమట ఉప్పుకు ఏదైనా తుప్పు పట్టాల్సిందే.

కాల్వకట్ట_సైకిల్ (మిర్యాలగూడ):

అందరికీ థ్యాంక్స్. స్టాండు అయ్యింది, వెల్డింగు ఆయన ఇది జిమ్ముకా అని అడిగి వంద తగ్గించాడు. హార్డ్ డిస్కులు నాలుగు దొరికాయి. వీ బ్రేకు చేతులకు రేకులు బిగించాను, సందు రెండున్నర మిల్లీమీటర్లకు తెచ్చాను. చేత్తో కేబుల్ లాగి చూస్తే లోడు మెత్తగా, చప్పుడు లేకుండా వస్తోంది. మూడో గేరులో చదును రోడ్డులా ఉంది, ఏడో గేరులో చెమట పడుతోంది.

సర్వో కలిపాక ఒక సమస్య వచ్చింది. సర్వో కదిలినప్పుడల్లా స్పీడు ఒక్క క్షణం 70, 80కి ఎగురుతోంది. కొన్నిసార్లు బోర్డే రీస్టార్ట్ అయి బ్లూటూత్ తెగిపోతోంది. సర్వో ఎర్ర వైరు బోర్డు 5 వోల్టుల పిన్నుకే ఇచ్చాను. సప్లయి పవర్ బ్యాంక్ నుంచి.

పాలమూరు_సర్క్యూట్ (మహబూబ్‌నగర్):

రెండూ ఒకటే జబ్బు. ఆ సర్వో బిగుసుకున్నప్పుడు రెండు ఆంపియర్ల పైన లాగుతుంది. దాంతో 5 వోల్టులు కిందికి పడి ఈఎస్‌పీ32 బ్రౌన్-అవుట్ అవుతుంది, అంటే వోల్టేజీ చాలక రీస్టార్ట్ అవుతుంది. అంతగా పడకపోయినా సెన్సర్ లైనులో ఒక దొంగ పల్సు పుడుతుంది. మిల్లులో పెద్ద మోటారు స్టార్ట్ అయినప్పుడు మీరు రోజూ చూసేదే కదా.

సర్వోకు వేరే 5 వోల్టుల, 3 ఆంపియర్ల అడాప్టర్ ఇవ్వండి. రెండు సప్లయిల గ్రౌండ్లు మాత్రం కలపాలి, కలపకపోతే సిగ్నల్ వైరుకు ఆధారం ఉండక సర్వో వణుకుతుంది. సర్వో వైర్ల దగ్గరే 1000 మైక్రోఫారడ్, 10 వోల్టుల కెపాసిటర్ ఒకటి, ధ్రువాలు చూసి వేయండి. సెన్సర్ వైర్లు మూడూ మెలితిప్పి సర్వో వైర్లకు దూరంగా తీసుకెళ్లండి. పుల్-అప్ 10 నుంచి 4.7 కిలో ఓమ్స్‌కు తగ్గించండి. సెన్సర్ కాళ్ల దగ్గర, సప్లయికి గ్రౌండుకు మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ కూడా పెట్టండి.

పవర్ బ్యాంక్ బదులు మామూలు ఫోన్ ఛార్జర్ వాడండి. బోర్డు ఒక్కటే లాగే కరెంటు తక్కువ కాబట్టి కొన్ని పవర్ బ్యాంకులు ఫోను ఛార్జింగ్ అయిపోయిందనుకుని వాటంతటవే ఆఫ్ అయిపోతాయి. మేనల్లుడికి ఇంకో పని చెప్పండి: సర్వోను ఒకేసారి చివరిదాకా తిప్పొద్దు, సగం సెకనులో చిన్న చిన్న మెట్లుగా తిప్పమనండి. కరెంటు గుంజుడూ తగ్గుతుంది, కాలికి కూడా ఎక్కుడు నెమ్మదిగా మొదలైనట్టు ఉంటుంది. ఇవన్నీ వేశాక కూడా 80 కనిపిస్తే సెన్సర్ దగ్గర, పిన్ను దగ్గర వోల్టేజీ కొలిచి ఇక్కడ పెట్టండి, చూద్దాం.